కాగితం లేని బండి

సోమవారం పొద్దున్న ఎనిమిదిన్నరకి డెల్లా రాస్ముసెన్ కౌంటీ రోడ్డెక్కి అరమైలు కూడా పోలేదు, వెనకాల ఎరుపూ నీలం దీపాలు వెలిగాయి. మోటార్‌సైకిలు గట్టు పక్కకి తీసి ఆపింది. ఇంజను ఆగగానే మీడోలార్క్ పిట్ట కూత ఒకటి కంచె మీంచి స్పష్టంగా వినిపించింది.

డెల్లాకి యాభై రెండేళ్లు. తొడల దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని ఉంది. బండికి కుడిపక్కన కట్టిన రేకు గొట్టంలో పార నిలబెట్టి ఉంది. సీటు వెనక మూడు టార్పాలిన్ పట్టాలు, ఒక్కోటీ ఒక్కో దుంగకి చుట్టి, తాళ్లతో బిగించి ఉన్నాయి. వాటినించి ఇంకా నీళ్లు కారుతున్నాయి. మోంటానాలో ఆ లోయలో కాలవకి అడ్డం వేసి చేలోకి నీళ్లు మళ్లించే మడవలంటే అవే. పై చేను తడిసింది. అక్కడ మడవలు పీకి, కింద చేలో వేయడానికి పోతోంది.

కారు దిగి వచ్చినవాడు వేడ్ లిండ్‌క్విస్ట్. కౌంటీ పోలీసు పెద్ద అయిన షెరీఫ్ కింద డిప్యూటీ. ఎనిమిదో తరగతి దాకా డెల్లా నడిపిన స్కూలు బస్సులోనే ఎక్కి దిగాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పొద్దున్నే ఆపాల్సొచ్చింది డెల్లా గారూ. ఏమనుకోకండి."

"అనుకోడానికేముంది. కానీయ్, అక్కడ నీళ్లు పొర్లిపోతున్నాయి."

"నంబరు ప్లేటు లేదు కదండీ బండికి."

"దీనికి అద్దమే లేదు, ప్లేటెక్కణ్నించొస్తుంది?"

వేడ్ బూటు మొనతో కంకర అటూ ఇటూ జరిపాడు. "ఫిర్యాదు వచ్చిందండీ. రిజిస్టరు కాని బండి రోజూ రోడ్డెక్కుతోందని."

"పై చేను పక్కన కొత్తగా కొన్నాయనా?"

"ఆయనే."

"రెండు చేల మధ్య దారికి గొలుసు కట్టి నన్ను రోడ్డెక్కించిందీ ఆయనే, ఎక్కానని రాసిచ్చిందీ ఆయనేనా?"

"అవునండీ."

"చేతిరాత బావుందా?"

"టైపు చేసిచ్చారండీ," అన్నాడు వేడ్, నవ్వు ఆపుకుంటూ. తరవాత టోపీ పెట్టుకున్నాడు. "శనివారం దాకా నేను చూడను. శనివారం తరవాత చూసి తీరాలి. లైటు, అద్దం, హారను పెట్టించి, ఆఫీసులో కాగితాలు చేయించుకోండి. ఫ్రేము నంబరు తనిఖీకి నేనే వస్తాను."

డెల్లా నీరు కట్టేది బర్ట్ ఓస్బీ అనే ఆయన పశువుల రాంచ్‌లో. జూన్‌లో కొండల మీద మంచు కరిగి నీళ్లొచ్చినన్నాళ్లూ పొద్దునోసారీ సాయంత్రం ఓసారీ మడవలు మార్చాలి. కింద చేలో కాలవ గట్టు వెడల్పు నాలుగడుగులు. దాని మీద పికప్పు పోదు. నడిస్తే గట్టు పొడుగు మూడు మైళ్లు. సంగతి విని బర్ట్, "శనివారానికి బండి కుదరకపోతే కింద చేను మా మేనల్లుడికి అప్పజెప్తాలే. వాడికి పొలాల్లో తిరిగే చిన్న నాలుగు చక్రాల బండుంది," అన్నాడు. చెడ్డగా అనలేదు. అందుకే డెల్లాకి ఎక్కువ గుచ్చుకుంది. ఆ కింద చేను ఆవిడకి ఇష్టం. అక్కడ నీళ్లు చెప్పిన మాట వింటాయి. మడవ వేసి పారతో నాలుగు గండ్లు కొట్టి నిలబడితే, నీళ్లు గడ్డి మొదళ్లలోంచి చిన్న చప్పుడు చేసుకుంటూ చివరిదాకా వెళ్లడం కనపడుతుంది.

మంగళవారం మడవలు మార్చి, బూట్లు విప్పి పికప్పు వెనక పడేసి, వార్డెల్ ఊళ్లో కౌంటీ కోర్టు భవనానికి వెళ్లింది. బళ్ల రిజిస్ట్రేషన్లు చూసేది నాడీన్ ప్రూయిట్. ఇద్దరూ ఒకే ఏడు హైస్కూలు దాటారు. వేలికి రబ్బరు తొడుగు తగిలించుకుని కాగితాలు తిప్పే నాడీన్, కౌంటరు దగ్గర మాత్రం సొంత చెల్లెలొచ్చినా వరసలో నించోమంటుంది.

డెల్లా ఒక కాగితం అద్దం కిందనించి తోసింది. కిందటేడు శరదృతువులో క్రోగ్ వాళ్ల పొలం సామాను వేలం వేసినప్పుడు బండి కొన్నట్టు రాసిచ్చిన రసీదు అది. పశువుల దాణా కొట్టు వాళ్ల చీటీ వెనక రాసి ఉంది.

నాడీన్ దాన్ని రెండువైపులా చూసింది. "ఇది కొన్న రసీదు. టైటిలేది, బండి నీదనే పత్రం?"

"లేదు."

"పోగొట్టుకున్నారా వాళ్లు?"

"పోగొట్టుకోడానికి అసలు ఎప్పుడూ లేదు. పొలంలోనే తిరిగింది. దాంతో రోడ్డు మీద ఎవరికీ పని పడలేదు."

"ఏ ఏడు బండి?"

"డెబ్భై తొమ్మిది."

నాడీన్ కళ్లజోడు మీంచి చూసింది. "నలభై అయిదేళ్ల నించీ ఉన్న బండి, ప్రభుత్వం లెక్కలో ఇంకా పుట్టనే లేదన్నమాట."

"పుట్టనిదాని మీదే రెండు నెలల్నించీ తిరుగుతున్నాను నాడీన్. చలికాలమంతా కూచుని బాగుచేశాను. కొన్నప్పుడు సీటు మీద కోళ్లు గుడ్లు పెడుతున్నాయి."

"గుడ్ల సంగతి ఫారంలో అడగరు," అంది నాడీన్. అని, గొంతు కొంచెం తగ్గించింది. "చూడు, రెండు దార్లున్నాయి. పూచీ కట్టి, ప్రకటన వేయించి, ఎవరూ అడ్డు చెప్పకపోతే తెచ్చుకోవడం ఒకటి. అది ఆగస్టు దాటుతుంది. రెండోది, కొత్త బండి కొన్నప్పుడు కంపెనీ నించి ఓ పత్రం వస్తుంది. పుట్టుక కాగితం అనుకో. మొట్టమొదట కొన్నవాళ్లు దాన్ని నాకిస్తే నేను టైటిలిస్తాను. నీకు అమ్మామని దాని వెనక వాళ్లు సంతకం పెడితే నీ పేరనే ఇస్తాను. అయిదు నిమిషాల పని."

"నలభై అయిదేళ్ల కాగితం ఎవరు దాస్తారు?"

"జనం ఏవేవో దాస్తారు. ఈ కిటికీ దగ్గర కూచుంటే తెలుస్తుంది. తరవాతివాళ్లు రండి."

మధ్యాన్నం డెల్లా షెడ్డులో బండి ముందు బోర్లించిన బకెట్టు మీద కూచుంది. పాత గడ్డి కోత యంత్రం దీపం ఒకటి ముందు బిగించింది. మాగ్నెట్ కాయిలు నించి తీగ లాగి, ఇంజను తిరుగుతుంటే వెలిగేలా చేసింది. అద్దం పికప్పుది, ఓవైపు కాడ విరిగితే తీసి దాచినది. హారనుకి కరెంటు చాలలేదు. గోడకి వేలాడుతున్న రబ్బరు బుడగ బూరా తీసి హాండిలుకి కట్టి, ఓసారి పిండింది. బాతు అరిచినట్టు వచ్చింది. బయట కుక్క లేచి నించుంది.

తరవాత క్రోగ్ కూతురు మార్వాకి ఫోను చేసింది.

"ఆ పసుపు బండా?" అంది మార్వా. "నాన్న కొన్నది కాదది, మారకం. మైలో స్టాడెల్‌కి మా ఫ్రీజరిచ్చి తెచ్చాడు. అమ్మ గొర్రెమాంసం దాచుకునే ఫ్రీజరు. అమ్మ నెల్లాళ్లు నాన్నతో మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా నన్ను అడిగేది, నాన్న పక్కనే ఉన్నా."

"మైలో గారు పోయారు కదూ?"

"పోయి చాలా ఏళ్లయింది. ఆవిడుంది, లావాన్. లూథరన్ చర్చి వెనక పెద్దవాళ్ల అపార్ట్‌మెంట్లున్నాయే, అక్కడ. మూడో నంబరు."

బుధవారం డెల్లా తలుపు తట్టేసరికి లావాన్ స్టాడెల్ రూబార్బ్ అనే పుల్లటి కాడలు తరుగుతోంది. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టి, గట్టి మనిషి. మగవాళ్ల చొక్కా మోచేతుల దాకా మడిచింది. కత్తి కింద పెట్టకుండానే లోపలికి రమ్మంది, కాఫీ పోసుకోమని కెటిలు చూపించింది.

"మిసెస్ స్టాడెల్, నేను ఓస్బీ గారి చేలకి నీళ్లు కడతానండీ. క్రోగ్ వాళ్ల వేలంలో ఓ బండి కొన్నాను. పసుపు రంగు, జపాన్ బండి—"

కత్తి ఆగింది.

"ట్యాంకుకి ఎడంవైపు సొట్టుందా?"

"ఉందండీ."

"అది నేనే. గేటు వేసుందని చూసుకోలా." లావాన్ మళ్లీ తరగడం మొదలెట్టింది, ఈసారి నెమ్మదిగా. "నడుస్తోందా?"

"నడుస్తోందండీ. చలికాలంలో ఇంజను విప్పి కట్టాను. కొన్నప్పుడు పిస్టన్ పట్టేసి ఉంది."

"నువ్వే కట్టావా? మీ ఆయన కట్టాడా?"

"నేనేనండీ. నాకు ఆయన లేడు."

"చేతులు చూపించు."

డెల్లా చూపించింది. గోళ్ల చుట్టూ నలుపు, సబ్బుకి పోనిది. లావాన్ చూసి, తల పంకించి, కాడలన్నీ గిన్నెలోకి తోసి, పంచదార పోసి పక్కన పెట్టింది.

"తల్లులు చచ్చిపోయిన గొర్రెపిల్లల్ని మూడు వసంతాలు సీసా పాలు పట్టి పెంచి అమ్మి కొన్నానమ్మా దాన్ని. వంటింట్లో పొయ్యి పక్క పెట్టెలో పడుకునేవి. రెండు గంటలకోసారి పాలు. మైలో నవ్వేవాడు. కొన్నాక నవ్వలేదు. గొర్రెల్ని కొండమీదికి తోలడానికి నేను బండి మీద పోతే, ఆయన గుర్రం మీద వెనక దుమ్ములో వచ్చేవాడు." చొక్కా జేబులో వెతుక్కుని కళ్లజోడు పెట్టుకుంది. "రెండేళ్లకి మా అక్కకి ఆపరేషనైతే గ్రేట్ ఫాల్స్ వెళ్లాను. పదిరోజులకి తిరిగొచ్చి చూస్తే షెడ్డులో బండి లేదు. వంటింట్లో ఫ్రీజరుంది. 'నీకోసమే తెచ్చాను' అన్నాడు."

"మీరేమన్నారు?"

"బఠాణీలు పెట్టాను అందులో. ఏం అంటాం? ఇరవై రెండేళ్లు ఒక్కరోజు ఆగకుండా పని చేసింది దిక్కుమాలింది. పాడైతేనైనా తీసి పారేసేదాన్ని."

డెల్లాకి నవ్వొచ్చింది. నవ్వచ్చో లేదో అని ఆవిడ మొహం చూసింది. లావాన్ కూడా నవ్వుతోంది.

"క్రోగ్ మూడుసార్లొచ్చాడు, కాగితం ఇమ్మని," అంది లావాన్. "వెతుకుతున్నానని చెప్పాను. మైలో ఇల్లంతా తిరగేశాడు. ఎక్కడ చెయ్యి పెట్టడో నాకు తెలీదా?"

లేచి, పై అరలోంచి జాడీ మూతల డబ్బా ఒకటి దింపింది. రేకు మూతలు దొంతరగా ఉన్నాయి. దొంతర కింద నాలుగు మడతల కాగితం. బల్ల తుడిచి, ఆ కాగితం పరిచి, అరచేత్తో సాపు చేసింది. అంచుల్లో నీలం అల్లిక, మధ్యలో బండి నంబరు, కొన్నవారు అన్నచోట టైపు చేసిన పేరు: లావాన్ మే స్టాడెల్. వెనకవైపు ఎవరికి అమ్మినదీ రాసే గళ్లు, నలభై అయిదేళ్లుగా ఖాళీగా ఉన్నాయి.

డెల్లా బల్ల మీదికి వంగి చదివింది. చొక్కా జేబులోంచి కలం తీసింది. రోడ్డూ, వేడూ, శనివారమూ, కింద చేనూ, గొలుసు కట్టినాయనా అన్నీ గబగబా చెప్పేసింది. "ఈ వెనక ఓ సంతకం పెడితే చాలంటండీ. మీరెంతంటే అంత ఇచ్చుకుంటాను."

లావాన్ కలం వైపు చూసింది. ముట్టుకోలేదు.

"పెట్టనమ్మాయ్."

డెల్లా కలం జేబులో పెట్టుకుంది.

"నీ మీద కోపం లేదు," అంది లావాన్. "ఆ బండి అమ్ముతావా అని నన్నెవరూ అడగలేదు. మైలో అడగలేదు, క్రోగ్ అడగలేదు. కాగితం అడిగారంతే. నువ్వు అడిగావు. అడిగావు కాబట్టి చెప్తున్నాను. అమ్మను."

వాకిలి దాకా వచ్చి, మూత పెట్టిన గిన్నెలో కాసిన్ని రూబార్బ్ ముక్కలు చేతికిచ్చింది. డెల్లా గిన్నె పక్క సీట్లో పెట్టి పికప్పులో కూచుంది. కోపం తెచ్చుకుందామని చూసింది. ఎవరి మీద తెచ్చుకోవాలో అర్థం కాలేదు. వేలంలో పాడి కొంది, చేతులారా బాగుచేసింది. అన్నీ నిజమే. కాగితం మీద పేరూ నిజమే. ఒకరి షెడ్డులోంచి ఎత్తుకొచ్చి ఫ్రీజరుకిచ్చేసిన బండి అది. ఎంతమంది చేతులు మారినా ఆ మొదటి చెయ్యి మారదు.

గురువారం తెల్లవారాక డెల్లా బండి తియ్యలేదు. పార భుజాన వేసుకుని, రెండు మడవలు రెండో భుజాన వేసుకుని, కింద చేను గట్టు మొత్తం నడిచింది. గంటా యాభై నిమిషాలు పట్టింది. బూట్లలో చెమట, భుజం మీద దుంగ ఒరిపిడి. మధ్యలో ఓచోట కొంగ ఒకటి కాలవలో నిలబడి, ఆవిడ దగ్గరికొచ్చేదాకా కదల్లేదు. బండి మీద వెళ్లినప్పుడు అది అరమైలు దూరంనించే ఎగిరిపోయేది. మడవ వేసింది. పట్టా అడుగున మట్టి తొక్కి, నీళ్లు పొంగి గండ్లలోకి దిగుతుంటే చూస్తూ నించుంది. నడవగలను, అనుకుంది. బర్ట్ ఒప్పుకోడు, అది వేరే సంగతి.

ఇంటికొచ్చి బండి కడిగింది. కిరసనాయిలూ పాత పళ్ల బ్రష్షూ పెట్టి హాండిలు కింద జిడ్డు గీకితే ఫ్రేము మీద నంబరు బయటపడింది. పార గొట్టం విప్పేసింది. చెక్క పలక వేసి బండి పికప్పులోకి ఎక్కించి, తాళ్లు బిగించి, వేడ్‌కి ఫోను చేసింది. "తనిఖీ అన్నావు కదా. లూథరన్ చర్చి వెనక అపార్ట్‌మెంట్ల దగ్గరికి రా."

"అక్కడికెందుకండీ?"

"బండి గలావిడ అక్కడుంది."

పలక మీంచి బండి దింపుతుంటే లావాన్ వాకిట్లోకొచ్చి నించుంది. చేతులు తుడుచుకుంటున్న తువ్వాలు అలాగే చేతిలో ఉండిపోయింది.

"చూపించడానికి తెచ్చావా?"

"కాదండీ. దించడానికి తెచ్చాను. మీది."

లావాన్ తువ్వాలు భుజాన వేసుకుంది. వచ్చి ట్యాంకు ఎడంవైపు సొట్టలో బొటనవేలు పెట్టింది. వేలు సరిగ్గా సరిపోయింది. తరవాత చుట్టూ తిరిగి చెయినూ, అద్దాన్నీ, గడ్డి యంత్రం దీపాన్నీ చూసింది. "ఈ బూరా నేను పెట్టింది కాదు," అంది.

వేడ్ వచ్చేసరికి అపార్ట్‌మెంట్లలో వాళ్లు ఆరేడుగురు కుర్చీలు తెచ్చుకుని వాకిట్లో కూచున్నారు. వేడ్ మోకాళ్ల మీద కూచుని టార్చి వేసి ఫ్రేము దగ్గర మొహం పెట్టాడు. లావాన్ డబ్బాలోంచి కాగితం తెచ్చి, నించుని, గట్టిగా ఒక్కో అంకే చదివింది. ఒక్కోదానికీ వేడ్ కిందనించి "ఉంది" అన్నాడు. చివరి అంకె దగ్గర కొంచెం ఆగాడు. కుర్చీల్లో వాళ్లు ముందుకి వంగారు.

"ఆరా, ఎనిమిదా?" అన్నాడు.

"నా కాగితంలో ఎనిమిది. సరిగ్గా చూడు బాబూ."

వేడ్ బొటనవేలితో తుడిచాడు. "ఎనిమిదే నండీ."

తరవాత హారను. రెండొందల అడుగుల దూరానికి వినపడాలని రూలు. వేడ్ అడుగులు లెక్కపెట్టుకుంటూ చర్చి పూలమొక్కల దాకా వెళ్లి చెయ్యెత్తాడు. డెల్లా బుడగ పిండింది. వేడ్ అక్కడనించి బొటనవేలు చూపించాడు.

"నాకు వినపళ్లేదు," అన్నాడు కుర్చీలో పెద్దాయన ఒకడు.

"నీకు పక్కవాళ్ల టీవీ వినపడదు. ఊరంతటికీ వినపడుతుంది అది," అంది పక్కావిడ.

వేడ్ ఫారం మీద సంతకం పెడుతుంటే లావాన్ ప్యాంటు కాళ్లు మేజోళ్లలోకి దోపుకుంటోంది. డెల్లా చూసింది. వేడ్ కూడా చూశాడు.

"మిసెస్ స్టాడెల్, మరి—"

"ఇది చర్చి స్థలం బాబూ, రోడ్డు కాదు. పాస్టరు గారు వద్దంటే దిగుతాను."

పాస్టరు గారు ఊళ్లో లేరు. డెల్లా తన హెల్మెట్టు తెచ్చి ఆవిడ గడ్డం కింద పట్టీ బిగించింది. కిక్కు తను కొట్టింది. రెండోదానికి అందుకుంది. లావాన్ ఎక్కి కూచుంది, కాళ్లు నేలకి బొటాబొటీగా ఆనాయి. క్లచ్ పట్టుకుని, కళ్లు మూసుకుని, కాలితో గేరు వెతుక్కుంది. దొరికింది.

మొదటి చుట్టు మనిషి నడిచినంత నెమ్మదిగా తిరిగింది. డెల్లా పక్కనే చెయ్యి అందేంత దూరంలో పరిగెత్తింది. రెండో చుట్టులో పరిగెత్తలేకపోయింది. మూడో చుట్టులో లావాన్ కార్లు పెట్టే చోటు దాటి చర్చి పచ్చికలోకి దిగి, సీటు మీంచి లేచి నించుని, గతుకు దాటి, పిక్నిక్ బల్లల మధ్యనించి దూసుకొచ్చింది. నీలం పొగ వెనకాల సన్నగా సాగింది. కుర్చీల్లో వాళ్లంతా లేచి నించున్నారు. వినపడని పెద్దాయన, "ఇదిగో, ఇది వినపడుతోంది," అన్నాడు సంతోషంగా. వేడ్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, తను డిప్యూటీనన్న సంగతి మరిచిపోయినట్టు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

లావాన్ వచ్చి ఆపింది. హెల్మెట్టు తీస్తే జుట్టంతా ఓవైపుకి అణిగిపోయి ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"రెండో గేరు ఇప్పటికీ గట్టిగానే పడుతోంది," అంది.

"దాన్నేం చేసినా అంతేనండీ. నేనూ విప్పి చూశాను."

"మరి నీళ్లెలా కడతావు?"

"నడిచి. ఈ పొద్దున నడిచాను."

"ఎంత దూరం?"

"మూడు మైళ్లు. మడవలతో."

లావాన్ తాళం తీయడానికి చూసింది. ఆ బండికి తాళమే లేదు. అది గుర్తొచ్చి నవ్వుకుని, ట్యాంకు మీద చెయ్యేసి ఓ నిమిషం ఆలోచించింది. "బండి మళ్లీ ఎక్కించు. నాకిక్కడ షెడ్డు లేదు. రేపు పదింటికొచ్చి నన్ను కోర్టు భవనానికి తీసికెళ్లు."

శుక్రవారం నాడీన్ ముందు వరసలో నలుగురున్నారు. వాళ్లు నించున్నంతసేపూ లావాన్ డబ్బా రెండు చేతులా పట్టుకుని ఉంది. మొహం కడిగి, ఆదివారం కోటు వేసుకుంది. డెల్లా పక్కన నించుంది. టైటిలు లావాన్ పేర వస్తుంది, బండి తన షెడ్డులో ఉంటుంది, ఆవిడ అడిగినప్పుడు తీసికెళ్లి ఇవ్వాలి. అంతవరకే ఊహించుకుంది. తను వచ్చింది ఆవిణ్ని తీసుకురావడానికి. బర్ట్‌కి ఏం చెప్పాలో కూడా దార్లో మాటలు కూర్చుకుంది.

నాడీన్ కాగితం విప్పింది. వేలి తొడుగు తీసేసి, ఉత్త వేళ్లతో పట్టుకుని చూసింది.

"ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు మిసెస్ స్టాడెల్. నేనీ ఉద్యోగంలో చేరేటప్పటికే ఈ రంగు కాగితాలు పోయాయి." వేడ్ ఇచ్చిన ఫారం పక్కన పెట్టి, నంబర్లు రెండూ వేలితో కలిపి చూసుకుని, కీలు నొక్కడం మొదలెట్టింది. "యజమాని పేరు?"

"లావాన్ మే స్టాడెల్."

నాడీన్ టైపు చేసింది. ఆ చప్పుడు వింటూ లావాన్ అద్దానికి దగ్గరగా జరిగింది. "ఇంకో పేరు పడుతుందా అందులో?"

"ఇద్దరిదాకా పడుతుందండీ."

"అయితే ఈ అమ్మాయిది కూడా రాయి. డెల్లా. ఇంటిపేరు నీకు తెలుసుగా."

డెల్లా తలెత్తింది. "అమ్మనన్నారు కదండీ."

"అమ్మట్లేదే. నీ దగ్గర ఒక్క సెంటు పుచ్చుకున్నానా?" డెల్లా వైపు చూడకుండానే అంది లావాన్. "బండి నడవాలంటే నీ చేతులు కావాలి. రోడ్డెక్కాలంటే నా కాగితం కావాలి. వారమంతా నీళ్లకి నువ్వు తీసికెళ్లు. ఆదివారం చర్చి అయ్యాక మీ ఓస్బీ గట్టు మీద నాకో గంట కావాలి. ఆ కొంగని కూడా చూస్తాను, దార్లో చెప్పావే."

డెల్లా కౌంటరు మీద ఉన్న కలాన్ని తీసి మళ్లీ అక్కడే పెట్టింది. వెనకాల వరసలో ఉన్నాయన ఎటో చూడ్డం మొదలెట్టాడు.

"రాస్ముసెన్‌లో రెండు ఎస్‌లెక్కడొస్తాయో నాకెప్పుడూ అనుమానమే," అంది నాడీన్, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. టైపు చేసింది. చేసి ఆగింది. "ఒక్క విషయం చెప్పాలి మీరు. ఇద్దరి పేర్ల మధ్య 'మరియు' పెట్టమంటారా, 'లేదా' పెట్టమంటారా?"

"తేడా ఏమిటి?" అంది లావాన్.

"'లేదా' అని ఉంటే మీ ఇద్దర్లో ఎవరో ఒకరు సంతకం పెట్టి బండి ఇచ్చేయొచ్చు, రెండోవాళ్లకి చెప్పక్కర్లేదు. చాలామంది అదే పెట్టించుకుంటారు, సులువని. 'మరియు' అయితే ఇద్దరూ వచ్చి ఈ కిటికీ దగ్గర నించోవాల్సిందే."

లావాన్ నాడీన్‌ని చూసింది. ఆ మాట ఇంకోసారి చెప్పించుకుందామా అన్నట్టు చూసింది. అడగలేదు.

"మరియు," అంది.

"నువ్వేమంటావు డెల్లా?"

"మరియు అనే పెట్టు," అంది డెల్లా.

నాడీన్ ఆ మాట కొట్టి, కాగితం అచ్చు తీసి అద్దం కిందనించి తోసింది. లావాన్ కళ్లజోడు పెట్టుకుంది. తన పేరు చదివింది, డెల్లా పేరు చదివింది, మళ్లీ వెనక్కొచ్చి మధ్యనున్న మాట కింద వేలు పెట్టి ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ చదివింది. వరసలో వాళ్లెవరూ తొందర పెట్టలేదు. తరవాత వేలు తీయకుండానే, రెండో చెయ్యి చాచి, కలం అడిగింది.